చక్కు మీద అరచెయ్యి

ఆ ఇంట్లో మోచెయ్యి దాటిన చొక్కా ఒక్కటి కూడా ఉండేది కాదు. ఎవరైనా తెలియక పొడుగు చేతుల చొక్కా తెచ్చి ఇచ్చినా, మేనత్త దాన్ని ఆ పూటే కుట్టుమిషన్ దగ్గరికి పట్టుకెళ్ళి, రెండు చేతులూ కచకచ కత్తిరించి, అంచు మడిచి కుట్టేసేది. జేబులు కూడా పీకేసేది. తిరిగే యంత్రం ముందు నిలబడేవాడికి వేలాడే గుడ్డ ఉరితాడుతో సమానమని ఆవిడ లెక్క. ఆవిడ తమ్ముడు టర్నరు. మీసాలు మొలిచినప్పటి నుంచి మీసాలు నెరిసేదాకా ఒకే ఫ్యాక్టరీలో, ఒకే లేతు మీద ఇనుము చెక్కినవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు తోటివాళ్ళంతా గేటు ముందు కూర్చుని కంపెనీకి శాపనార్థాలు పెడుతుంటే, ఈయన మాత్రం లోపల పాత సామాను వేలంలో తన లేతును తానే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

అది తలుపులో పట్టలేదు. ఇంటి వెనక రేకుల షెడ్డుకు ఒకవైపు గోడ పడగొట్టి, లేతును ఇనుప గొట్టాల మీద దొర్లించుకుంటూ లోపలికి తోసి, మళ్ళీ గోడ కట్టారు.

“కొత్త పెళ్ళికూతురు కూడా ఇంత బెట్టు చెయ్యదురా తమ్ముడూ! గోడ కూలిస్తే గానీ లోపలికి రానందా మహాతల్లి?” అంది మేనత్త.

“వచ్చాక ఇక పుట్టింటి మాట ఎత్తదులే అక్కా” అన్నాడు ఆయన, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. ఆ రోజంత సంతోషంగా ఆయన్ని కూతురు ఎప్పుడూ చూడలేదు.

కూతురిది మోటార్ వైండింగ్ పని. కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టడం. ఇంటి ముందు గదే ఆమె షాపు. తల్లి ఊహ తెలియకముందే పోతే మేనత్తే పెంచింది. ఆవిడ చేతి కింద కుట్టుపని నేర్చుకోమంటే, గుడ్డ వదిలేసి కుట్టుమిషన్ మోటారు విప్పి కూర్చున్న పిల్ల. అలా ముందు గదిలో కూతురి రాగి, వెనక షెడ్డులో తండ్రి ఇనుము, మధ్య గదిలో మేనత్త గుడ్డ. “మధ్యలో నేనంటూ లేకపోతే మీరిద్దరూ ఆ మేకులూ తీగలూ నంజుకుని బతికేవాళ్ళు” అనేది ఆవిడ. అబద్ధం కూడా కాదు.

తండ్రి ఎడమ చేతికి రెండు వేళ్ళు సగం సగమే ఉండేవి. పడుచుతనంలో ఫ్యాక్టరీ తీసుకుంది. “ఎడమ చెయ్యి కంపెనీ వాటా, కుడి చెయ్యి నా వాటా” అని నవ్వేవాడు. కూతురికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఎందుకంటే మిగిలిన ఆ ఒక్క మంచి చేతినీ ఆయన రోజూ, పూటకు ఎన్నిసార్లో, తిరుగుతున్న చక్కు మీద పెట్టేవాడు.

లేతుకు ఎడమ కొసన ఉండే గుండ్రటి ఇనుప దిమ్మె చక్కు. చెక్కవలసిన కడ్డీనో పుల్లీనో దాని దవడలు కరిచి పట్టుకుంటాయి. మోటారు తిప్పితే చక్కు తిరుగుతుంది, పనిముట్టు ఎదురుగా నిలబడి ఇనుమును చెక్కుతుంది. స్విచ్చి ఆపినా అంత బరువు వెంటనే ఆగదు. కాసేపు తన ఊపులో తాను తిరుగుతూనే ఉంటుంది. ఆ కాసేపు ఆగే ఓపిక టర్నరుకు లేదు. ఫ్యాక్టరీలో పని లెక్కనే కూలి. చక్కు దానంతట అది ఆగేదాకా చేతులు కట్టుకు నిలబడినవాడు సాయంత్రానికి వెనకబడిపోయేవాడు. అందుకని పాతకాలం టర్నర్లందరూ ఒక పాడు విద్య నేర్చారు: స్విచ్చి ఆపగానే చక్కు అంచు మీద అరచెయ్యి ఆనించి, సర్రుమని రాపిడి పెట్టి ఆపెయ్యడం. అలా రాసీ రాసీ ఆయన కుడి అరచేతిలో గీతలు చెరిగిపోయాయి. “నా చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికి పని లేదు, అంతా నున్నగా తుడిచేశాను” అని జోకులేసేవాడు.

ఇంట్లో ఆయన్ని తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. పంపుల బుష్షులు, మిక్సీల కడ్డీలు, కూతురి మోటార్లకు ఇరుసులు, అప్పుడప్పుడూ పిండిమర పుల్లీలు. ఇవాళ కాకపోతే రేపు. అయినా ఆ చెయ్యి లేచేది. ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది గానీ ఆ తొందర మాత్రం ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.

ముందు గదిలో తీగ చుట్టుకుంటున్న కూతురికి ఆ సర్రుమనే చప్పుడు వినిపించినప్పుడల్లా చుట్ల లెక్క తప్పేది. అంచు నున్నగానే ఉంటుంది. కానీ అంచుకు బెత్తెడు దూరంలో దవడలు పొడుచుకొచ్చి తిరుగుతుంటాయి. చెయ్యి కాస్త జారితే చాలు. ఆ చెయ్యి దక్కాలి. ఆమెకు ఉన్న బెంగల్లో అదే పెద్దది.

“నాన్నా, ఒక్కసారి జారిందనుకో...”

“ఇన్నేళ్ళుగా జారనిది ఇవాళ జారుతుందా?”

“ఇన్నేళ్ళుగా జారలేదు కాబట్టే భయం.”

“నీకు కరెంటు తీగ పట్టుకోవడానికి భయం లేదు గానీ, మీ నాన్న ఇనుము పట్టుకుంటే భయమా?”

మేనత్త గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసేది. షెడ్డు గడప లోపలికి ఆవిడ ఎప్పుడూ అడుగు పెట్టేది కాదు, చీర చెంగుకు అదంటే పడదని. “అసలు అది దానంతట అది ఆగడానికి ఎంతసేపు పడుతుందిరా?” అని అడిగింది ఒకసారి.

“ఏమో! దాన్ని ఎప్పుడు ఆగనిచ్చాను గనక?” అన్నాడు తమ్ముడు.

ముగ్గురూ నవ్వారు. ఆ మాట అక్కడితో మరిచిపోయారు.

ఒకరోజు ఆయన భోజనానికి చెంచా అడిగాడు. చేత్తో కలుపుకు తింటే గానీ తిన్నట్టుండదనే మనిషి చెంచా అడిగితే అనుమానం రాదూ? కూతురు లేచి ఆయన కుడి చెయ్యి పట్టి పైకి తిప్పింది. అరచేతి మొదట్లో దవడ కొట్టిన దెబ్బ. అరచెయ్యి సగం నేరేడు పండు రంగుకు తిరిగి ఉబ్బి ఉంది.

“ఏం లేదే, కాస్త తాకింది” అన్నాడు, పిల్లాడు చదువు చెప్పే పంతులు ముందు నిలబడ్డట్టు.

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా! వీడికి చెప్పేకన్నా గోడకు చెప్పుకుంటే మేలు” అంది మేనత్త. కోపంగా అందే గానీ, అంటూనే తమ్ముడి పళ్ళెం దగ్గరికి లాక్కుని, అన్నం తనే కలిపి ముద్దలు చేసి పెట్టింది.

అలవాటు మాన్పించడం తన వల్ల కాదని కూతురికి తెలిసిపోయింది. మనిషిని మార్చలేనప్పుడు మిషన్ను మార్చాలి. ఆమెకు తెలిసిన విద్య మోటారు. మోటారును నడపడమే కాదు, పట్టి ఆపడం కూడా తెలుసు. స్విచ్చి తియ్యగానే తీగచుట్టలోకి ఇంకో రకం కరెంటు పంపితే, తిరిగే మోటారు ఎవరో కళ్ళెం లాగినట్టు నిలబడిపోతుంది. చక్కు ఆగిపోయాక ఇక అరచెయ్యి ఎందుకు? షాపులో పక్కన పడి ఉన్న విడిభాగాలన్నీ ఏరి, కొత్తవి కొన్ని కొని, పాత డబ్బాలో అమర్చి బ్రేకు పెట్టె ఒకటి తయారు చేసింది. పైన ఒక ఆకుపచ్చ బొత్తాం, ఒక ఎర్ర బొత్తాం. అంత శ్రద్ధగా ఆమె ఎవరి పనీ చెయ్యలేదు.

తండ్రి ముందు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత ఒక్కటే షరతు పెట్టాడు.

“వెనక్కి మాత్రం తిరగకూడదు. కొత్త లేతుల్లాగా దీని చక్కు బోల్టులతో బిగించింది కాదు. సీసా మూతలాగా మరల మీద ఎక్కించింది. ముందుకు తిరిగినంతసేపూ కోతకు అదే బిగుసుకుంటుంది. వెనక్కి తిప్పావో, మరలు విప్పుకుని ఊడి మీద పడుతుంది. మా ఫ్యాక్టరీలో ఒకడి కాలు అలాగే పోయింది.”

“వెనక్కి తిరిగే దారే ఉండదు నాన్నా.”

అన్నట్టే చేసింది. పెట్టెలో వెనక్కి తిప్పే బొత్తాం కోసం ఉన్న కంతకు రేకు ముక్క అడ్డం పెట్టి రివెట్టు కొట్టేసింది. ఎవరు మార్చాలన్నా మార్చలేకుండా. తండ్రి ఆ రివెట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూసి తల ఊపాడు. టర్నరు, వైండరు ఇద్దరూ ఎవరి జాగ్రత్త వాళ్ళు పడ్డారు. ఇద్దరికీ తమ తమ పని క్షుణ్ణంగా తెలుసు. ఒకరి పని ఎక్కడ ముగిసి రెండోవారి పని ఎక్కడ మొదలవుతుందో, ఆ సందులో ఏముందో మాత్రం ఇద్దరూ చూడలేదు.

మొదట చిన్న చక్కు ఎక్కించి, వేలంత కడ్డీ పట్టించి చూశారు. ఎర్ర బొత్తాం నొక్కితే చక్కు టక్కున నిలబడింది. ఆయన అరచెయ్యి అప్పటికే అలవాటుగా లేచి, ఆగిపోయిన ఇనుము మీద వాలి, వెర్రిమొహం వేసింది.

“అరె! నేను వచ్చేసరికే పెళ్ళైపోయిందే” అన్నాడు ఆయన.

కూతురు పగలబడి నవ్వింది. ఆ రాత్రి చాలాకాలానికి కంటినిండా నిద్రపోయింది.

తర్వాతి రోజులన్నీ చిన్న పనులే వచ్చాయి. పెట్టె గడియారంలా పనిచేసింది. తండ్రి వచ్చినవాళ్ళందరికీ ఎర్ర బొత్తాం నొక్కి చూపించేవాడు. “మా అమ్మాయి చేసింది. ఇలాంటిది మా ఫ్యాక్టరీలో కూడా లేదు” అనేవాడు. చెయ్యి లేవడం మాత్రం మానలేదు. ప్రతిసారీ లేచేది, ప్రతిసారీ ఆగిన చక్కు మీద పడేది. లేస్తే లేవనీ అనుకుంది కూతురు.

అప్పుడు పిండిమర ఆయన పుల్లీ తెచ్చాడు. పోత ఇనుము పుల్లీ, రోటి అంత. దానికి చిన్న చక్కు చాలదు. గోడ వారగా గోనె కప్పి పెట్టిన పెద్ద చక్కు బయటికి తీశారు. అది ఒక్కరు ఎత్తలేని బరువు. తండ్రీ కూతుళ్ళు చెక్క అడ్డం వేసి, దాని మీదికి జరిపి, మరల మీద నెమ్మదిగా తిప్పి ఎక్కించారు. చేత్తో తిరిగినంతవరకు తిప్పి, చివర ఆయన ఒక్క కుదుపు ఇచ్చాడు.

“చాలా నాన్నా?”

“చాల్లే. మిగతాది కోతే బిగిస్తుంది. ఎప్పుడూ అంతేగా.”

ఎప్పుడూ అంతే. నిజం. కూతురు చేతులు కడుక్కుని ముందు గదిలోకి వెళ్ళి, సగం చుట్టిన మోటారు ఒళ్ళోకి తీసుకుంది. వెనక షెడ్డులో మోటారు హోరు మొదలైంది. పుల్లీ తిన్నగా తిరుగుతోందో లేదో చూసుకోవడానికి ముందు పనిముట్టుతో పైపైన ఒక గీత గీస్తారు, ఆపి చూసుకుంటారు. అసలు కోత తర్వాత. గీత గీసిన సన్నటి కీచు చప్పుడు ఆమెకు వినిపించింది. ఎర్ర బొత్తాం టిక్కుమనడం కూడా వినిపించింది. ఇప్పుడు నిశ్శబ్దం రావాలి.

నిశ్శబ్దం రాలేదు. గరగరమని మరలు మరల మీద పరుగెత్తిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు, అయినా అదేమిటో వినగానే తెలిసింది. తర్వాత నేల అదిరేలా దబ్బుమంది.

కేక వినిపించలేదు. అందుకే ఇంకా భయమేసింది. మోటారు ఒళ్ళోంచి జారి కాళ్ళ మీద పడ్డా తెలియకుండా పరుగెత్తింది.

తండ్రి లేతు ముందు నిలబడే ఉన్నాడు, కాస్త ముందుకు వంగి, ఏదో కొలత చూసుకుంటున్నట్టు. పెద్ద చక్కు పుల్లీతో సహా ఊడి లేతు పట్టాల మీద పడి ఉంది. ఆయన కుడి చెయ్యి దాని కింద ఉంది. ఊడి తిరుగుతూ మీదికి వస్తున్న ఇనుమును చూసి ఎవడైనా వెనక్కి దూకుతాడు. ఆయన అరచెయ్యి మాత్రం తనకు తెలిసిన ఒక్క పనే చేసింది. ఆపడానికి వెళ్ళింది.

“ముందు కరెంటు తీసెయ్యమ్మా” అన్నాడు ఆయన, మామూలు గొంతుతో. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆమె మెయిన్ లాగేసింది. గునపం తెచ్చి చక్కు కింద దూర్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఎత్తింది. చెయ్యి బయటికి వచ్చింది. దాన్ని చెయ్యి అనడానికి ఏమీ మిగల్లేదు. మేనత్త అప్పుడే గుమ్మం దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణం గడప మీద నిలబడి, ఎన్నడూ దాటని ఆ గడప దాటి లోపలికి వచ్చి, తమ్ముడి చేతికి తన చీర చెంగు చుట్టేసింది.

ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు. నిలపడానికి లోపల ఒక్క ఎముకా తిన్నగా లేదని డాక్టరు చెప్పాడు. మేనత్త వరండాలో గోడకు చేరగిలబడి కూర్చుని, ఆ రోజు మొదటిసారి మేనకోడలి ముఖంలోకి సూటిగా చూసింది.

“నీ తెలివి తగలెయ్య! వాడి అలవాటు ఇన్నేళ్ళూ వాడి చెయ్యి తీసుకోలేదే. నువ్వు బాగుచేశావు, పోయింది” అంది.

ఆ మాట నిజమో కాదో ఆవిడకు తెలియదు, కోపంలో అంది. కూతురికి మాత్రం అది నిజమేననిపించింది. బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళినప్పుడు షెడ్డులోకి వెళ్ళి చూసింది. మరలు చెక్కుచెదరలేదు. మోటారుకు ఏం కాలేదు. చక్కుకు ఏం కాలేదు. పుల్లీ అంచు కూడా విరగలేదు. బ్రేకు పెట్టె మీద ఆమె కొట్టిన రివెట్టు మెరుస్తూ ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేతు ముందే నేల మీద కూర్చుని ఆలోచించింది. ఆలోచిస్తే అర్థమయ్యేదే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు అర్థమైంది.

చెప్పెయ్యాలని ఆసుపత్రికి వెళ్ళింది. మంచం పక్కన కూర్చుని మంచినీళ్ళ సీసా చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. తండ్రి ఆ సీసానే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

“మూత కాస్త వదులు చెయ్యి” అన్నాడు.

“తాగుతావా?”

“తాగను. వదులు చేసి పట్టుకో. సీసా మన లేతు ఇరుసు అనుకో, మూత చక్కు. రెండూ కలిసి తిరుగుతున్నాయి. ఇప్పుడు సీసాను టక్కున పట్టుకు ఆపితే మూత ఏం చేస్తుంది?”

ఆమె మూత మీద వేలు ఆనించింది.

“దాని ఊపు దానికి ఉంటుంది కదా. ఇంకా తిరుగుతానంటుంది. ఏ వైపు?”

“విప్పుకునే వైపు” అంది కూతురు.

“వెనక్కి తిప్పినా అంతే, టక్కున ఆపినా అంతే. రెండూ ఒకటే. చిన్న చక్కు తేలిక కాబట్టి నిలిచింది, ఈ పెద్దది బరువు, పైగా కోతకు ఇంకా బిగుసుకోలేదు.” కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. “మరి సీసాను కాకుండా, మూతను పట్టుకుని ఆపితే?”

అంతదాకా ఆమె ఆలోచించలేదు. చేతిలో ఉన్న సీసాను చూసింది. మూతను పట్టి ఆపితే సీసా ఇంకా తిరుగుతానంటుంది. మూత బిగుసుకుంటుంది.

“నేను పట్టుకునేది మూతనే కదే” అన్నాడు తండ్రి. “ఇన్నేళ్ళూ ఆపుతున్నాననుకున్నాను. ఆపిన ప్రతిసారీ బిగిస్తున్నానన్నమాట. నాకే తెలీదు.”

“నాన్నా, నా వల్లే...”

“నాకు తట్టాల్సింది. నీకు తట్టకపోతే ఏం, నువ్వు వైండరువి. టర్నర్ని నేను. వెనక్కి తిప్పకు, వెనక్కి తిప్పకు అని చెప్పడం వచ్చింది గానీ, ఎందుకు తిప్పకూడదో ఒక్కసారైనా ఆలోచించానా?”

ఆయన ఆమెను తిట్టలేదు. అలాగని పరవాలేదనీ అనలేదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. వీపు కదులుతుంటే ఆయన ఏడుస్తున్నాడని ఆమెకు తెలిసింది. తండ్రి ఏడవడం ఆమె చూడటం అదే మొదలు. లేచి వెళ్ళిపోవాలో, చెయ్యి వెయ్యాలో తెలియక, మూత వదులైన సీసా పట్టుకుని అలాగే కూర్చుంది. నీళ్ళు కారి ఒడి తడిసింది.

ఇంటికి వచ్చాక ఆయన అక్కను పొడుగు చేతుల చొక్కా అడిగాడు.

“మొండి చెయ్యి ఎవరికీ కనపడకూడదక్కా. వీధిలో పిల్లలు జడుసుకుంటారు.”

“ఆ షెడ్డు గడప తొక్కనని మాటివ్వు, కుడతాను” అంది మేనత్త.

“అక్కడ నాకింకేం పని?”

ఆవిడ మధ్య గదిలో కూర్చుని, ఆ ఇంట్లో మొదటిసారిగా, చొక్కాకు మణికట్టు దాటిన చెయ్యి కుట్టింది. కుడి చెయ్యి ఒక్కటే. ఎడమది ఎప్పటిలాగే పొట్టిది. కుడుతూ కుడుతూ దారం తెగిందని నాలుగుసార్లు తిట్టింది. దారం తెగలేదని కూతురికి తెలుసు. ఆసుపత్రిలో అన్న మాటను ఆవిడ మళ్ళీ ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు. కంచంలో అన్నం మాత్రం ఎప్పటికన్నా ఒక గరిటె ఎక్కువ పెట్టేది. కూతురికి అది దిగేది కాదు.

ఆమె బ్రేకు పెట్టెను విప్పి, సుత్తితో ముక్కలు చేసి, పాత ఇనుము కుప్పలో పడేసింది. మోటారుకు మళ్ళీ పాత స్విచ్చే బిగించింది. లేతు మీద గోనె కప్పింది. వెనక షెడ్డు నుంచి ఏ చప్పుడూ రాని ఆ ఇంట్లో ఆమెకు పని సాగేది కాదు. ఒకప్పుడు సర్రుమంటే గుండె ఆగేది. ఇప్పుడు ఆ సర్రు కోసమే చెవులు రిక్కించి కూర్చునేది.

పిండిమర ఆయన మొహమాటపడుతూ వచ్చాడు. పుల్లీ ఇచ్చేస్తే ఇంకెక్కడైనా చేయించుకుంటానన్నాడు. మర ఆగిపోయి ఉంది, ఆయన ఇబ్బంది ఆయనది.

“గీత పెట్టిన పని గడప దాటకూడదు. రేపు వచ్చి తీసుకెళ్ళు” అన్నాడు తండ్రి. ఆయన వెళ్ళాక కూతురి వైపు చూశాడు. “నువ్వు చెయ్యి. నేను చెబుతాను.”

మేనత్త బయటికి వెళ్ళిన పూట చూసి ఇద్దరూ షెడ్డులోకి వెళ్ళారు. పెద్ద చక్కు మళ్ళీ ఎక్కించడానికి పిండిమర ఆయన్నే సాయం పిలవాల్సింది. కూతురు పిలవలేదు. చెక్క కింద గునపం వేసి, చెమటలు కక్కుతూ ఒక్కతే ఎక్కించింది. చివర కుదుపు ఇచ్చాక ఇంకోటి ఇచ్చింది. తర్వాత ఇంకోటి. తండ్రి చాలనలేదు.

మోటారు ఆన్ చేసింది. ఆయన ఆమెకు ఎడమవైపు, భుజం దగ్గర నిలబడ్డాడు. “లోతు తగ్గించు. ఇంకా. అంతే. చేత్తో తొయ్యకు, దాన్ని తిననీ. చప్పుడు విను, ఆకలిగా ఉంటే కీచుమంటుంది, ఎక్కువైతే గొణుగుతుంది.” ఇన్నాళ్ళకు ఆయన గొంతు విప్పి మాట్లాడాడు. పోత ఇనుము నల్లటి రజనుగా రాలుతూ ఉంది. లోపలి నుంచి తెల్లగా, కొత్తగా, మెరిసే ఇనుము బయటపడుతూ ఉంది. ఆమె భుజాలు కాస్త వదులయ్యాయి. ఆ కాసేపు ఏమీ జరగనట్టే ఉంది.

“చాలు, కొలత వచ్చేసింది. ఆపు” అన్నాడు.

ఆమె స్విచ్చి ఆపింది. మోటారు హోరు తగ్గింది. పెద్ద చక్కు తన ఊపులో తాను తిరుగుతూనే ఉంది, దవడలు కలిసిపోయి బూడిదరంగు చక్రంలా.

అప్పుడు ఆమె కంటి కొసకు ఏదో తెల్లగా కదిలింది. తండ్రి చొక్కా చెయ్యి. పొడుగు చెయ్యి. లోపల మణికట్టు లేదు, అరచెయ్యి లేదు, అయినా అది లేచింది. ఎప్పుడూ లేచినట్టే, అంతే తొందరగా, అంతే నమ్మకంగా, ఖాళీ గుడ్డ కొస వేలాడుతూ దవడల వైపు వెళుతోంది. ఆయనకు తెలియదు. ఆయన కళ్ళు పుల్లీ మీద ఉన్నాయి.

ఆమె రెండు చేతులతో ఆ చొక్కా చేతిని ఒడిసి పట్టుకుని తన గుండెలకు అదుముకుంది. లోపల మొండి చెయ్యి ఆమె పక్కటెముకలకు గుచ్చుకుంది. అది ఇంకా ముందుకు పోవాలని చూస్తోంది. తండ్రి దిగ్గున కిందికి చూశాడు. ఆమె పట్టుకున్నదేమిటో, ఎందుకు పట్టుకుందో చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది.

ఇద్దరూ కదల్లేదు. చక్కు తిరిగింది. దవడలు విడివిడిగా కనిపించడం మొదలుపెట్టాయి. తర్వాత ఒక్కొక్కటీ కనిపించింది. బద్ధకంగా ఇంకొకసారి తిరిగి, ఇంకాస్త ఊగి, నిలబడిపోయింది. షెడ్డులో చప్పుడు లేదు. ఆమె ఇంకా చొక్కా చెయ్యి వదల్లేదు.

తండ్రి ఆగిన చక్కును చూస్తూ ఉండిపోయాడు.

“ఇంతసేపేనా పట్టేది?” అన్నాడు.

“ఇంతే నాన్నా” అంది కూతురు.